ఇంకొక్క ఏడాది

మొన్న ఆదివారం ప్రార్థన గుడి నుంచి వచ్చి ఇంకా చీరయినా మార్చుకోలేదు, మా వాకిట్లో జట్కా ఆగింది. పొడుగాటి ముసలాయన ఒకరు చేతికర్ర ఊతంగా మెల్లిగా దిగి, "సుగుణమ్మ గారిల్లు ఇదేనాండీ?" అని అడిగారు. ముఖం చూసి పోల్చుకోలేదు గాని గొంతు వినగానే తెలిసింది. రాజారావు గారు. మా అన్నయ్య ప్రకాశం కాలేజీలో చదివే రోజుల్లో క్రికెట్టు జట్టుకి కెప్టెను. ఆ రోజుల్లో మా ఇంటికి వస్తే గేటు బయటే నిలబడి పిలిచేవారు. కిరస్తానీ ఇల్లు గనక గుమ్మం ఎక్కేవారు కారు. మేమూ ఎక్కమనేవాళ్లం కాదు. ఇప్పుడు లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని, నేనిచ్చిన కాఫీ పుచ్చుకున్నారు. పెన్షను తీసుకుని ఈ మధ్యనే రాజమండ్రి వచ్చేశారట. అన్నయ్య పోయిన సంగతి ఎవరో చెబితే తెలిసిందట.

"ఒక్క మాట చెప్పి వెళదామని వచ్చానండి," అన్నారు. "కాలేజీ అయ్యాక నేను మద్రాసులో ఆడాను, బందరులో ఆడాను, దొరల క్లబ్బుల మీద ఆడాను. ప్రకాశం వేసిన బంతి లాంటిది మళ్లీ ఎక్కడా చూడలేదు. సాయంత్రం ప్రాక్టీసులో అతని ముందు నిలబడ్డవాడికి మర్నాడు మ్యాచిలో ఎవరన్నా భయం ఉండేది కాదండి."

"ఈ మాట అన్నయ్యతో ఎప్పుడైనా అన్నారాండి?" అని అడిగాను.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. "అనలేదనుకుంటానండి. చిన్నవాళ్లని మెచ్చుకుంటే చెడిపోతారని మా రోజుల్లో ఒక నమ్మకం ఉండేది." జట్కావాడు తొందర పెడితే లేచి వెళ్లిపోయారు. నేను ఆ పూట అన్నం వండుకోలేదు. ఎందుకు వండుకోలేదో చెప్పాలంటే అప్పటి మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది రాజమండ్రిలో మిషను కాంపౌండు వెనక, గోదావరి గట్టుకి దగ్గరగా, చిన్న పెంకుటిల్లు. నాన్న మిషను బడిలో మేష్టారు. తెల్లవారుజామున అందరినీ లేపి చాప మీద కూర్చోబెట్టి ఒక కీర్తన పాడించి, వాక్యం చదివి, ప్రార్థన చేసేవారు. ఆ ప్రార్థనలో రాణీగారి దగ్గర నుంచి మా ఎదురింటి పాలేరు దాకా అందరి క్షేమమూ అడిగేవారు, మా సంగతి మాత్రం చివర్లో రెండు ముక్కల్లో ముగించేవారు. తన ఇంటి కోసం ఎక్కువ అడగడం మర్యాద కాదని ఆయన ఉద్దేశం. ఆయనకి నశ్యం అలవాటు. మిషను దొరసాని గారికి తెలియకూడదని క్వినైను డబ్బాలో దాచుకునేవారు. ఆయన దగ్గర కూర్చుంటే సుద్దముక్క వాసన, నశ్యం వాసన, ఉతికిన ముతక పంచె వాసన కలిసి వచ్చేవి. అమ్మ చాలా తక్కువగా మాట్లాడేది. ఏదైనా కాదనాలంటే నోటితో కాదనేది కాదు, పొయ్యి దగ్గర కూర్చుని గొట్టంతో గట్టిగా ఊదడం మొదలుపెట్టేది.

మా ఇంట్లో అసలు గొంతు నానమ్మది. ఆమె పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు అందరూ గోదావరి మీద చేపల వేట చేసుకు బతికిన పల్లెవాళ్లు. తాతయ్య ముసలితనంలో బాప్తిస్మం పుచ్చుకుంటే ఈమె కూడా పుచ్చుకుంది. కాని పడవ కనబడితే చాలు "గంగమ్మ తల్లీ, చల్లగా చూడు" అని చేతులెత్తేది. నాన్న దగ్గితే, "నీ దేవుడు నా దేవుడేలేరా, ఊరుకో" అనేది. పెరట్లో చాప మీద ఎండు మెత్తళ్లు, ఎండు రొయ్యలు ఆరబోసి, కాకులని తోలుతూ రోజంతా కూర్చునేది. దొరసాని గారు వచ్చే రోజున అమ్మ ఆ చాప తీసి పొయ్యి వెనక దాచేది. కాని వాసనని ఎక్కడ దాస్తాం? ఆ వాసన మా బట్టల్లో, మా పుస్తకాల్లో ఉండేది. బడిలో ఆడపిల్లలు నా పక్కన కూర్చోడానికి వెనకాడేవారు. ఇవాళ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది, వెంటనే దిగులు పుడుతుంది.

అన్నయ్యకి ఆ చెయ్యి తాతయ్య దగ్గర నుంచి వచ్చిందని నానమ్మ అనేది. చిన్నప్పుడు తాతయ్య వాణ్ణి నీళ్లలో నిలబెట్టి విసురు వల నేర్పాడు. "చెయ్యి మణికట్టు నుంచి కాదురా, భుజం నుంచి రావాలి" అనేవాడట. కాలేజీలో చేరి ఎఫ్.ఏ., అంటే ఇప్పటి ఇంటరు, మొదటి ఏడు చదువుతుండగా, ఒకనాడు మైదానం పక్కన నడుస్తుంటే బంతి దొర్లుకుంటూ వాడి కాళ్ల దగ్గరికి వచ్చింది. తీసి విసిరాడు. అంత దూరం నుంచీ అది తిన్నగా వెళ్లి వికెట్టుకి తగిలింది. ప్రిన్సిపాలు దొరగారు అక్కడే ఉన్నారు. పిలిచి పేరడిగారు. మర్నాటి నుంచి ప్రాక్టీసుకి రమ్మన్నారు. వచ్చే ఏడు జట్టులో ఉంటావని కూడా అన్నారు.

మా ఇంట్లో ఆ మాటకి ఎంత విలువో చెప్పాలి. జట్టులో ఆడే పదకొండు మందికీ కాలేజీ జీతం మాఫీ. అప్పట్లో ఫీజుని జీతమనే అనేవాళ్లం. నాన్న బడిపంతులు రాబడితో వాణ్ణి బి.ఏ. దాకా చదివించడం అయ్యే పని కాదు. ఆ సంగతి నాన్న ఎప్పుడూ పైకి అనలేదు, కాని అందరికీ తెలుసు. మర్నాడు తెల్లవారుజామున ప్రార్థనలో నాన్న మొదటిసారి మా ఇంటి సంగతి ముందు చెప్పారు.

ఆ ఏడు చలికాలం ఊళ్లో కలరా వచ్చింది. రేవు దగ్గర నుంచి మొదలై వీధి వీధికీ పాకింది. కాలేజీ మూసేశారు. కాకినాడ జట్టుతో జరగవలసిన పందెం, బందరు జట్టుతో జరగవలసిన పందెం రెండూ ఆగిపోయాయి. బి.ఏ. ఆఖరి ఏడులో ఉన్నవాళ్లకి అదే చివరి అవకాశం. ఆడకుండానే వాళ్ల కాలం అయిపోయింది. రాజారావు గారు, ఇంకా నలుగురైదుగురు అలా మిగిలిపోయారు. కలరా తగ్గాక దొరగారు అందరినీ హాల్లోకి పిలిచి ఒక మాట చెప్పారు. దేవుడు చేసినదానికి ఈ కుర్రాళ్లు నష్టపోకూడదు, బి.ఏ. ప్యాసయిన తరవాత పంతుళ్ల ట్రైనింగు క్లాసులో గాని లా క్లాసులో గాని చేరినవాళ్లు ఇంకొక్క ఏడాది జట్టులో ఆడవచ్చు అని. అందరూ చప్పట్లు కొట్టారు. అన్నయ్య కూడా కొట్టాడు. ఇంటికి వచ్చి ఆ సంగతి చెబుతూ, "న్యాయమే కదా నాన్నా. పాపం వాళ్లు ఆడనేలేదు" అన్నాడు.

నాన్న నశ్యం డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేశారు. "న్యాయమేరా," అన్నారు. "మరి ఆ పదకొండు మందిలో నీ చోటు?"

"ఒక్క ఏడాదే కదండి."

అమ్మ పొయ్యి ఊదడం మొదలుపెట్టింది.

ఆ ఒక్క ఏడాది అన్నయ్య జీతం ఎలా కట్టాలన్నది నాన్న ఆలోచించారు. అప్పటికి నేను దొరసాని గారి ఆడపిల్లల బడిలో చదువుతున్నాను. ఆ వేసవి తరవాత పై చదువుకి బోర్డింగుకి వెళ్లవలసింది. ఒకరోజు నాన్న నన్ను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, "అమ్మడూ, అన్నయ్య జట్టులోకి వెళ్లేదాకా నువ్వు ఇంటి దగ్గర ఉండమ్మా. ఇంకొక్క ఏడాదే" అన్నారు. నేను సరేనన్నాను. దొరసాని గారి వరండాలో ఆడవాళ్లు కూలికి లేసు అల్లేవారు, అక్కడ కూర్చున్నాను. పైవాడు ఒక మెట్టు మీద ఏడాది ఎక్కువ నిలబడితే కింద ఉన్నవాళ్లందరూ ఏడాది ఎక్కువ నిలబడాలి. దొరగారు హాల్లో ఆ మాట చెప్పినప్పుడు, లేసు అల్లే వరండా దాకా అది వస్తుందని ఆయనకి తెలిసే అవకాశం లేదు.

ఆ వరండా నుంచి కాలేజీ మైదానం కనబడేది. సాయంత్రం అయ్యేసరికి తెల్లబట్టలవాళ్లు కనబడేవారు. ప్రాక్టీసుకి బంతి అటూ ఇటూ పోకుండా చుట్టూ కట్టింది వల. రేవులో పల్లెవాళ్ల దగ్గర కొన్న పాత వల. నానమ్మకి ఆ సంగతి తెలిసి చాలా నవ్వుకుంది. "మనవాళ్ల వల్లో వీళ్లు ఆడుతున్నార్రా" అంది. కొన్నాళ్లకి ఆమె నవ్వడం మానేసింది. ఎందుకంటే అన్నయ్య జట్టులో లేడు గాని ప్రాక్టీసులో మాత్రం వాడే ఉండాలి. పెద్దవాళ్లు ఒకరి తరవాత ఒకరు బ్యాటు పట్టుకు వచ్చేవారు, వాళ్లందరికీ వాడే బంతులు వెయ్యాలి. మంచి బౌలరు ముందు ఆడితేనే మంచి ప్రాక్టీసట. చీకటిపడి బంతి కనబడకపోయేదాకా వేసేవాడు. నేను దారం కొక్కెం చేతిలో పట్టుకుని అటే చూస్తూ ఉండేదాన్ని. ఆట నాకు అర్థమయ్యేది కాదు. వాడు పరిగెత్తుకు వచ్చి చెయ్యి తిప్పడం, వల కదలడం, అంతే తెలిసేది.

కాకినాడ పందేనికి ధవళేశ్వరం నుంచి కాలవలో పడవ మీద వెళ్లారు. అన్నయ్యని కూడా తీసుకువెళ్లారు, బ్యాట్ల సంచీ మొయ్యడానికి, ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ల బదులు బంతులు ఏరడానికి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తిరిగి వచ్చేసరికి ఎండకి నల్లబడి ఉన్నాడు. నానమ్మ ఎదురెళ్లి, "గెలిచారుట్రా?" అంది.

"గెలిచారు నానమ్మా."

ఆమె వాడి ముఖంలోకి చూసి, "గెలిచాం అనరా" అంది. వాడు కాళ్లు కడుక్కోడానికి నూతి దగ్గరికి వెళ్లిపోయాడు.

గెలవడమే పొరపాటయింది. కాకినాడలో కలెక్టరు దొరగారు ఆట చూసి చాలా సంతోషించారట. ఇంత మంచి జట్టుని చెదరగొట్టడం ఎందుకు అన్నారట. ట్రైనింగు క్లాసు అయిపోయినవాళ్లు కొందరు లా క్లాసులో చేరారు. చదువు కోసం చేరినవారెవరో, ఆట కోసం చేరినవారెవరో నేను చెప్పలేను. రెండో ఏడు కూడా వాళ్లే ఆడవచ్చన్నారు. ఆ కబురు చెప్పడానికి రాజారావు గారే మా ఇంటికి వచ్చారు. గేటు బయట నిలబడ్డారు. అన్నయ్య గేటు లోపల నిలబడ్డాడు. నేను మందార పొద పక్కన బట్టలారేస్తున్నాను.

"ఇంకొక్క ఏడాదే ప్రకాశం. ఆ తరవాత బంతి నీదే. నీకంటే ఎవరున్నారు?" అన్నారు ఆయన.

"అలాగేనండి," అన్నాడు అన్నయ్య.

"నీకేం కోపం లేదుగా?"

"లేదండి. మీరేం చేస్తారు."

నిజంగానే వాడికి కోపం లేదు. నాకు ఈనాటికీ అర్థంకానిది అదే. ఎవరి మీద కోపగించుకోవాలో వాడికి కనబడలేదు. దొరగారు మంచివారు. రాజారావు గారు మంచివారు. కలరా ఎవరు తెచ్చారు? ఆ ఏడు వాడు పొద్దున్నే ఇద్దరు ముగ్గురు ప్లీడర్ల పిల్లలకి చదువు చెప్పి, కాలేజీకి వెళ్లి, సాయంత్రం చీకటిపడేదాకా పెద్దవాళ్లకి బంతులు వేసి ఇంటికి వచ్చేవాడు. నేను లేసు అల్లుతూనే ఉన్నాను. నాతోటి ఆడపిల్లలు బోర్డింగు నుంచి సెలవలకి వచ్చి ఇంగ్లీషులో పలకరిస్తుంటే నేను ఇంటి వెనక నుంచి వెళ్లిపోయేదాన్ని.

వానాకాలం వెళ్లాక ఒక సాయంత్రం అన్నయ్య ఎడమచేత్తో అన్నం కలుపుతుంటే అమ్మ చూసింది. "ఏంటిరా అది?" అంది. ఏమీ లేదన్నాడు. నానమ్మ లేచి వెళ్లి వాడి భుజం మీద చెయ్యి వేసింది. వాడు పళ్లు బిగబట్టాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎండుచేపల వాసన పోయి ఆముదం వాసన వచ్చింది. నానమ్మ ఆముదపాకులు సెగకి చూపించి, ఆముదం రాసి భుజానికి కట్టేది. ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టేది. "వల వేసేవాడు కూడా వేట లేని రోజున చేతికి సెలవిస్తాడురా. నువ్వు రోజూ వేటేనా?" అని కేకలేసేది. ఆస్పత్రి డాక్టరు గారు ఆరునెలలు ఆ చెయ్యి కదపవద్దన్నారు.

"మానెయ్యరా," అన్నారు నాన్న.

"మానేస్తే మరచిపోతారండి," అన్నాడు అన్నయ్య. "రోజూ కనబడుతుంటేనే గుర్తుంటాను. వచ్చే ఏడు ఎవరి పేరు రాయాలో అప్పుడే కదా చూసేది."

నాన్న ఇంకేమీ అనలేదు. అనవలసిందని తరవాత చాలా ఏళ్లు ఆయన బాధపడ్డారు. కాని ఏమని అనగలరు? అప్పటికే రెండేళ్లు ఆ వాకిట్లో నిలబడ్డాం. ఎంత ఎక్కువసేపు నిలబడితే అంత కదల్లేం.

మరుసటి ఏడు తలుపు తెరుచుకుంది. రాజారావు గారికి బందరులో ఉద్యోగమైంది. తక్కినవాళ్లు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. జట్టుకి కొత్తవాళ్లని ఎంచడానికి దొరగారు ఒక శనివారం పెట్టారు. నేను వరండాలో కూర్చున్నాను. పక్కనున్న ఆడవాళ్లతో "అదుగో మా అన్నయ్య" అన్నాను. వాడు పరిగెత్తుకు వచ్చాడు. చెయ్యి తిప్పాడు. బంతి మధ్యలోనే పడి మెల్లిగా దొర్లింది. అవతలవాడు దాన్ని అలవోకగా కొట్టాడు. మళ్లీ వేశాడు, మళ్లీ అంతే. కొంతసేపటికి దొరగారు వాడి దగ్గరికి నడిచి వెళ్లారు. ఏదో అన్నారు. వాడి భుజం తట్టారు. ఆ తట్టింది కుడి భుజం మీదే. ఎఫ్.ఏ. మొదటి ఏడు చదివే కుర్రాడు ఒకడు బంతి అందుకుని వెయ్యడం మొదలుపెట్టాడు. ఆ కుర్రాడి భుజం ఎవరికీ బంతులు వెయ్యని భుజం. అన్నయ్య పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. కుర్రాడు బాగా వేసినప్పుడల్లా ఎడమచేత్తో తొడ మీద తట్టి మెచ్చుకున్నాడు.

ఇంటికి వచ్చాక అమ్మ అన్నం పెట్టింది. నానమ్మ ఆముదపాకులు తెచ్చింది. "ఇంక వద్దు నానమ్మా," అన్నాడు వాడు. ఆమె ఆ ఆకులు చేతిలో పట్టుకునే కొంతసేపు కూర్చుని, తరవాత పెరట్లో పారేసి వచ్చింది.

ఆ నెలాఖరికి అన్నయ్య కాలేజీ మానేశాడు. అప్పుడు గోదావరి మీద రైలు వంతెన కడుతున్నారు. పొద్దస్తమానం సమ్మెట చప్పుడు మా ఇంటి దాకా వినబడేది. అక్కడ కూలీల హాజరు పిలిచే పని దొరికింది. వంతెన అయిపోయాక ఆ పనీ అయిపోయింది. ధవళేశ్వరంలో కాలవ లాకుల దగ్గర గుమాస్తాగా చేరాడు, ఉద్యోగం నుంచి దిగేదాకా అక్కడే ఉన్నాడు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. వాళ్లని చంకనెత్తుకునేవాడు గాని భుజాన ఎక్కించుకునేవాడు కాదు. రాజమండ్రి వస్తే మైదానం పక్క రోడ్డు వదిలి చుట్టు తిరిగి మా ఇంటికి వచ్చేవాడు. నేను కూడా ఆలస్యంగా చదువుకుని, ఆలస్యంగా మేష్టరమ్మనయ్యాను. నాకు దక్కింది. కాని నాతోటివాళ్లు హెడ్‌మిస్ట్రెస్‌లు అయ్యేనాటికి నేను ఒకటో తరగతికి గుణింతాలు చెబుతున్నాను. జీవితమంతా వాళ్ల వెనకే నడిచాను.

ఇప్పుడు కాలం మారిందంటారు. మారినవి చాలా ఉన్నాయి. ఇవాళ ఎండుచేపల వాసన వస్తుందని నా పక్కన కూర్చోనివాళ్లు లేరు. రాజారావు గారు మా కాఫీ తాగారు. గోదావరి దాటడానికి పడవ కోసం చూడక్కర్లేదు. మా వీధిలో ఒక కాలేజీ లెక్చరరు గారున్నారు, ఆటల వ్యవహారం ఆయనే చూస్తారు. మొన్నామధ్య మాటల్లో ఈ ఏడు జట్టులో సగంమంది లా చదివే పెద్దవాళ్లేనన్నారు. "చిన్నవాళ్ల సంగతేంటండీ?" అని అడిగాను. "వచ్చే ఏడు చూస్తామండి. పెద్దవాళ్లకి అన్యాయం చెయ్యలేం కదా" అన్నారు. చాలా సౌమ్యులు ఆయన. నేను తల ఊపి లోపలికి వచ్చేశాను. ఏం చెప్పినా ఆయనకి తోచే జవాబు అదే. ఆయన స్థానంలో ఉంటే నాకు తోచేదీ అదేనేమో.

అన్నయ్య చివరి రోజుల్లో నా దగ్గరే ఉన్నాడు. వానలు పడుతున్నాయి. జ్వరం తగ్గిన పూట మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చునేవాడు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తని ఆ సంగతి ఒక మధ్యాహ్నం వాడే ఎత్తాడు.

"ఒక్క పందెం ఆడి ఓడిపోయినా బావుండేది సుగుణా," అన్నాడు. "జీతం మాఫీ కాదు, బి.ఏ. కూడా కాదు. అవి లేనివాళ్లు చాలామంది బతికారు. నేను అసలు బాగా వేసేవాణ్ణా, లేకపోతే దొరగారు ఒకరోజు సరదాకి మెచ్చుకుంటే నమ్మి కూర్చున్నానా, అది తెలియలేదు. ప్రాక్టీసులో తెలియదు. అక్కడ ఎవడూ నిజంగా ఆడడు. పందెంలో నిలబడితేగాని తెలియదు."

"బాగా వేసేవాడివి అన్నయ్యా," అన్నాను. "నేను రోజూ చూశాను."

వాడు నా వైపు తిరిగి కొంచెం నవ్వాడు. చిన్నప్పుడు నేను లెక్క తప్పు చేస్తే అలాగే నవ్వేవాడు. "నీకేం తెలుసమ్మా," అన్నాడు. చెడ్డగా అనలేదు, నన్ను నొప్పించకూడదన్నట్టే అన్నాడు. నేను దుప్పటి సరిచేశాను. బయట వాన పెద్దదైంది. వాడు కళ్లు మూసుకున్నాడు. ఆ తరవాత వారం బతికాడు గాని ఆ మాట మళ్లీ ఎత్తలేదు.